తాతగారి రికార్డులు: ఏది ఏమిటో తెలిసేదెలా?

తాతగారి ట్రంకుపెట్టెలో నలభై పాత పాటల రికార్డులు దొరికాయి, సగానికి కవర్లే లేవు, లేబుళ్లు చిరిగాయి, ఏది ఏమిటో తెలిసేదెలా అని ఒకరు అడిగారు. ప్లేయర్ మీద పెట్టే తొందర వద్దండీ. ముందు చేత్తో పట్టుకుని చూడండి. బరువుగా, పెళుసుగా ఉన్నవి లక్కవి, నిమిషానికి 78 చుట్లు. కింద పడితే పలక పగిలినట్టే! 10 అంగుళాల దాంట్లో ఒక్కో వైపు మూడు నిమిషాల పాటే పడుతుంది. కాస్త వంగేవి వినైల్ అనే ప్లాస్టిక్‌వి: 12 అంగుళాలవి మామూలుగా 33 వేగం ఎల్పీలు (ఎక్కువసేపు పాడేవి), 7 అంగుళాలవి ఎక్కువగా 45.

లేబుల్ పోయినా కంగారు లేదు. ఆఖరి గాడికీ లేబుల్‌కీ మధ్య నున్నటి చోట టార్చి ఏటవాలుగా వేయండి. చెక్కిన అంకెలు, అక్షరాలు మెరుస్తాయి. అదే మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డింగుకి కంపెనీ ఇచ్చిన గుర్తు, రెండు వైపులకీ వేర్వేరుగా ఉంటుంది. ఫొటో తీస్తే ఒక్కోసారి సరిగా రాదు, నోటుబుక్కులో రాసుకోవడమే మేలు. ఆ నంబరుతో వెతికితే చాలావరకు పాట పేరు దొరుకుతుంది.

లక్కవాటికి స్పిరిట్ తగలనివ్వకండి, కరుగుతాయి. నేనొకటి అలాగే పాడుచేసుకున్నా, ఇప్పటికీ మనసొప్పదు. వాటి గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు పెడితే అడుగున గీరుకుంటూ గరగరమంటుంది. పాత గ్రామఫోను ఇనుప ముల్లు మాత్రం వినైల్ మీద ఒక్కసారి కూడా పెట్టకండి.