స్నేహితురాలి సైకిల్ రైడ్‌కు స్పాన్సర్ చేయాలి, చేతిలో కార్డు బాకీ ఉంది

ప్రశ్న: నా చిన్ననాటి స్నేహితురాలు క్యాన్సర్ పరిశోధన కోసం రెండు రోజుల సైకిల్ రైడ్‌కు పేరిచ్చింది. వాళ్లమ్మగారు ఆ జబ్బుతోనే పోయారు. రైడ్‌కు ఇంకా మూడు నెలలుంది. ఆలోగా నిర్వాహకులు చెప్పిన కనీస మొత్తం పోగవకపోతే తక్కువ పడింది తన కార్డు నుంచే తీసుకుంటారట. నన్ను నెల జీతంలో పదో వంతు ఇవ్వమంది. నాకు నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డు బాకీ ఉంది, అత్యవసరానికి దాచింది ఒక నెల ఖర్చుకు కూడా రాదు. కాదంటే తను బాధపడుతుంది, ఇస్తే మావారు ఊరుకోరు. ఏం చేయాలి?

జవాబు: ఇవ్వండి. అయితే తను అడిగినంత కాదు, మీకు కుదిరినంత.

మీ స్నేహితురాలు చేస్తున్నది మంచి పని, అందులో నాకు ఏ సందేహమూ లేదు. ఇలాంటి రైడ్‌లలో బాగా పేరున్నది అమెరికాలోని పాన్-మాస్ ఛాలెంజ్. తల్లిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న బిల్లీ స్టార్ 1980లో 36 మంది రైడర్లతో దాన్ని మొదలుపెట్టారు. మొదటి ఏడాది వచ్చింది 10,200 డాలర్లు. ఇన్నేళ్లలో డేనా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు అందినది వంద కోట్ల డాలర్లు దాటింది. తలా కొంచెం వేసుకుంటే అయిన మొత్తమే అది. కాబట్టి మీరిచ్చేది చిన్నదని మొహమాటపడకండి.

ఇక మీ సంగతి. ఈ డబ్బు కార్డు గీకి మాత్రం ఇవ్వొద్దు. 100 ఇచ్చారనుకోండి, ఏడాది వరకు తీర్చలేకపోతే వడ్డీ మీద వడ్డీ పడి దాదాపు 143 అవుతుంది. ఆ 43 ఏ పరిశోధనకూ చేరదు, బ్యాంకుకు పోతుంది. దాచుకున్న కాస్తలోంచి తీసినా అంతే. రేపు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మళ్లీ కార్డే దిక్కవుతుంది. నా మాట వింటే, నెలకు జీతంలో ఒక శాతం చొప్పున మూడు నెలలు ఇవ్వండి. ఆ ఒక్క శాతం కూడా ఏదో ఒక సరదా ఖర్చు తగ్గించుకుని తీయాలి, కార్డుకు కట్టే వాయిదాలోంచి కాదు. మీవారికి కూడా ఈ లెక్కే చూపించండి. ఎంత, ఎప్పటిదాకా అన్నది తెలిస్తే ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదటి నెలది ఈ వారమే కట్టేయండి. తన విరాళాల పేజీ ఖాళీగా కనబడితే ఎవరికైనా ముందు చెయ్యి రాదు, నలుగురి పేర్లు కనబడితే ఐదో మనిషి ధైర్యంగా ఇస్తాడు.

కట్టేటప్పుడు తొందరపడకండి. డబ్బు స్నేహితురాలి ఖాతాకు పంపితే అది ఆమెకు ఇచ్చినట్టే, రసీదు రాదు. సంస్థ పేజీలోనే కట్టండి. అక్కడ ముందే ఒక పెద్ద మొత్తం ఎంచి పెట్టి ఉండొచ్చు, దాన్ని చెరిపి మీ అంకె వేయండి. ‘ప్రతి నెలా’ అన్న చోట టిక్ ఉందేమో చూసి తీసేయండి, లేకపోతే రైడ్ అయిపోయాక కూడా ఖాతాలోంచి డబ్బు పోతూనే ఉంటుంది. కొన్ని వెబ్‌సైట్లు తమ కోసం టిప్ అంటూ కింద ఇంకొంత శాతం కలుపుతాయి. అది పరిశోధనకు వెళ్లే డబ్బు కాదు, దాన్ని సున్నా చేసినా మీ విరాళం ఆగదు. కిలోమీటరుకు ఇంత అని ఒప్పుకోవద్దు, చివరికి ఎంతవుతుందో మీ చేతిలో ఉండదు. ఇంకో సంగతి కూడా చూడండి: రైడ్ ఖర్చులు ఎవరు భరిస్తున్నారు? పాన్-మాస్ ఛాలెంజ్‌లో రైడర్లు సేకరించిన ప్రతి డాలరూ సంస్థకే వెళ్తుంది. అన్నిచోట్లా అలా ఉండదు.

పన్ను మినహాయింపు మీరుండే దేశాన్ని బట్టి మారుతుంది. భారత్‌లో 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు. అమెరికాలో 250 డాలర్లు, ఆపైన ఇస్తే సంస్థ నుంచి రాతపూర్వకంగా రసీదు ఉండాలి. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ టిక్ చేస్తే ప్రతి పౌండుకు 25 పెన్స్ ప్రభుత్వం నుంచి సంస్థకు అదనంగా వెళ్తుంది. మీ ఆఫీసులో ఉద్యోగి ఇచ్చినంత కంపెనీ కూడా ఇచ్చే పద్ధతి ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. ఉంటే మీ జేబులోంచి ఇంకో పైసా పోకుండానే మీ మూడు శాతం ఆరవుతుంది.

స్నేహితురాలికి మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేయండి. ‘నాకు బాకీ ఉందే, ఇంత ఇవ్వగలను, నెలనెలా కడతాను’ అని అంకెతో సహా చెప్పేయండి. ‘చూద్దాంలే’ అంటే తను మీ పదో వంతు లెక్కలో వేసుకుని కూర్చుంటుంది, చివర్లో కార్డు మీద దెబ్బ పడేది ఆమెకే. ‘తక్కువైతే నేను చూసుకుంటాలే’ అని మాత్రం నోరు జారకండి, అది అప్పుకు హామీ ఉన్నట్టే. దాని బదులు తన పేజీ లింకు మీ క్లాస్‌మేట్లందరికీ మీరే పంపండి. తన కోసం తను అడగడానికి ఇబ్బంది పడేచోట మీరు అడగగలరు.

చాలా పేజీల్లో ఎంతిచ్చారో కనబడకుండా పెట్టుకునే వీలుంటుంది, కావాలంటే వాడుకోండి. పక్కనే ఒక మాట రాసే చోటు కూడా ఉంటుంది. అక్కడ వాళ్లమ్మగారి పేరు రాయండి.