నటులు రాజకీయాలు మాట్లాడితే వారి సినిమాలను బహిష్కరించడం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమా?

ఈ ప్రశ్నలో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒక నటుడి రాజకీయ అభిప్రాయం నచ్చక నా టికెట్టు డబ్బు నా జేబులోనే ఉంచుకోవడం ఒకటి. ఆ నటుడి సినిమా మా ఊళ్ళో ఎవరూ చూడకుండా హాలు తలుపులు మూయించడం మరొకటి. మొదటిది నా స్వేచ్ఛ, దానికి నేను ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు. విచిత్రమేమిటంటే రెండవదాన్ని కూడా మనం “ప్రేక్షకులు తిరస్కరించారు” అనే మాటతోనే చెప్పుకుంటాం. ఆ మాట వినబడినప్పుడల్లా ఆ ప్రేక్షకులు ఎవరా అని వెతకడం నాకు అలవాటైంది, ఎందుకంటే 1992లో నెల్లూరు జిల్లాలో మమ్మల్ని కూడా ప్రేక్షకులే తిరస్కరించారని చెప్పారు.

నేను కావలి ప్రాంతానికి చెందిన ఒక బుర్రకథ దళంలో పదకొండేళ్ళు వంతగా పనిచేశాను. బుర్రకథ చూడని వారి కోసం చెబుతున్నాను: మధ్యలో కథకుడు తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకు తొడిగిన అందెలు మోగిస్తూ కథ నడుపుతాడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు నిలబడతారు. ఆ ఇద్దరిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. నాది రాజకీయం. పాత కథ నడుస్తుండగా మధ్యలో అందుకుని, దాన్ని ఈనాటి పాలనకూ ఊరి సంగతులకూ ముడిపెట్టి మాట్లాడడమే నాకు అప్పగించిన పని. ఒకప్పుడు మద్రాసు ప్రభుత్వమూ నిజాం ప్రభుత్వమూ కూడా బుర్రకథను నిషేధించాయంటే, ఆ పక్క నిలబడిన మనిషి నోటికి జడిసే నిషేధించాయి. ఆ కథనే జీవితంగా చేసుకున్న షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. అందుచేత “కళాకారులు కళ చూసుకోవాలి గాని వాళ్ళకు రాజకీయాలెందుకు” అని ఎవరైనా అన్నప్పుడు, అయితే నా కొలువు ఊడినట్టేనని నవ్వుకుంటాను.

ఆ ఏడాది కలిగిరి మండలం దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం చుట్టుపక్కల మండలాలకు పాకుతోంది. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో నింపించి పల్లెపల్లెకూ చేర్చిన సారాకు ఎదురుగా, అక్షరాస్యత తరగతుల్లో కొత్తగా చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని నిలబడ్డారు. అటువంటి రోజుల్లో వింజమూరుకు పడమటి వైపున్న ఒక పల్లెలో దసరాకు మాకు కథ కుదిరింది. 800 రూపాయలకు మాట, అందులో 200 బయానా ముట్టింది. పందిరి ఖర్చు, మైకు ఖర్చు, మా ఖర్చు అన్నీ పెట్టుకుంటున్నది ఆ ప్రాంతంలో సారా అమ్మే హక్కును వేలంపాటలో పాడుకున్న వ్యక్తి అన్న సంగతి మాకు అక్కడ భోజనాలకు కూర్చున్నాకే తెలిసింది.

బొబ్బిలి కథ చెబుతున్నాం. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోట గోడను పగలగొట్టే ఘట్టం వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. నేను గుమ్మెట ఆపి, “ఆనాడు బొబ్బిలి కోట కూలాలంటే ఫ్రెంచివాళ్ళ ఫిరంగులు కావాల్సొచ్చినాయి మామా, ఈనాడు మన కొంప కూలాలంటే రెండు ప్యాకెట్లు చాలు” అన్నాను. కొద్దిసేపు పందిట్లో ఎవరూ కదలలేదు. తరువాత ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి చదివింపులు మొదలయ్యాయి. రూపాయి, రెండు రూపాయలు, ఒకామె ఐదు. మామూలుగా ఆడవాళ్ళు చదివించినా పేరు మాత్రం భర్తదో కొడుకుదో చెబుతారు. ఆ రాత్రి మా హాస్యం వంత మైకులో చదివినవన్నీ ఆడవాళ్ళ పేర్లే. మొత్తం 47 రూపాయలు వచ్చాయి. ఇది పెద్ద మొత్తమని చెప్పడం లేదు, కాని ఇచ్చినవాళ్ళెవరో ఊరందరికీ వినబడింది.

తెల్లవారి మిగిలిన 600 కోసం వెళితే ఆ వ్యక్తి కేకలు వేయలేదు, బెదిరించలేదు. “మీ కథ జనానికి నచ్చలేదయ్యా” అన్నాడు, అంతే. నచ్చని జనం చదివించిన చిల్లర నా సంచిలో గలగలమంటూనే ఉంది. ఆ తరువాత నెల తిరక్కుండా ఏడు ఊళ్ళవాళ్ళు వచ్చి బయానా తిరిగి ఇవ్వమన్నారు, వాళ్ళూ జనానికి నచ్చదనే అన్నారు. ఆ ఊళ్ళలో మేము ఇంకా అడుగైనా పెట్టలేదు. విననే వినని కథ జనానికి ఎట్లా నచ్చకుండా పోయిందో అప్పట్లో నాకు అంతుబట్టలేదు. పందిళ్ళు వేయించేవాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళనీ, వినేవాడి ఇష్టాయిష్టాలు తేలక ముందే డబ్బు పెట్టేవాడు నిర్ణయం చేసేస్తాడనీ తరువాత అర్థమైంది.

అమెరికాలో 2003 మార్చిలో జరిగినది తెలిసినప్పుడు నాకు ఆ ఏడు ఊళ్ళే గుర్తుకు వచ్చాయి. ఇరాక్ యుద్ధం మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు లండన్ కచేరీలో డిక్సీ చిక్స్ అనే కంట్రీ సంగీత (అక్కడి పల్లె బాణీ పాటల) బృందం గాయని నాటలీ మేన్స్, తమ టెక్సాస్ రాష్ట్రం నుంచే అధ్యక్షుడు బుష్ వచ్చినందుకు సిగ్గుపడుతున్నామన్నట్టు మాట్లాడింది. కోపం వచ్చిన శ్రోతలు రేడియో కేంద్రాలకు ఫోన్లు చేశారు, కొందరు వారి సీడీలను పోగు చేసి తొక్కించారు. డబ్బు పెట్టి కొనుక్కున్నవాడు తన సీడీని తానే తొక్కించుకుంటే మనం కాదనేదేమీ లేదు. కాని పదుల కొద్దీ స్టేషన్లు చేతిలో ఉన్న క్యుములస్ అనే ఒక్క కంపెనీ వారి పాటలను తన కంట్రీ సంగీత కేంద్రాలన్నిటిలోనూ ఆపించడం వేరే సంగతి. అక్కడ ఒక్కొక్క శ్రోత తనకు తానుగా చెవి మూసుకోలేదు, పైనుంచి ఒక చెయ్యి వచ్చి అందరి చెవులూ మూసింది. ఆ ఏడాది జూలైలో అమెరికా సెనేట్ వాణిజ్య కమిటీ రేడియో యాజమాన్యం కొద్దిమంది చేతుల్లో పోగుపడడంపై విచారణ జరిపినప్పుడు ఈ వ్యవహారం అక్కడా చర్చకు వచ్చింది. 2007లో ఆ బృందానికి ఐదు గ్రామీ పురస్కారాలు వచ్చాయి. మాకు గ్రామీలేవీ రాలేదు గాని మళ్ళీ బయానాలు వచ్చాయి, ఆ మాట తరువాత చెబుతాను.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మన రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడేది ప్రధానంగా ప్రభుత్వం నుంచి. సారా పాటదారు నా ప్రాథమిక హక్కును హరించాడని ఆనాడు నేను కోర్టుకు వెళ్ళగలిగేవాణ్ణి కాదు. 600 రూపాయల దగ్గర మాట తప్పాడని వెళ్ళి ఉండవచ్చు, వెళ్ళలేదు. అయితే బెదిరింపు వచ్చినప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవడానికి మాత్రం వీలు లేదు. రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమా విషయంలో, రంగరాజన్ కేసులో, గొడవలు జరుగుతాయన్న భయంతో భావ ప్రకటనను అణచకూడదనీ, దాన్ని కాపాడడం ప్రభుత్వ బాధ్యత అనీ సుప్రీంకోర్టు 1989లోనే తేల్చి చెప్పింది. 2025లో కమల్‌హాసన్ కన్నడ భాష పుట్టుక గురించి అన్న మాట మీద కర్ణాటకలో ‘థగ్ లైఫ్’ సినిమా ఆగిపోయినప్పుడూ అదే కోర్టు, మూకలు రోడ్ల మీదికి వచ్చినంత మాత్రాన ప్రదర్శనలు ఆగకూడదంది. కాని సినిమా మిగతాచోట్ల జూన్ 5న విడుదలైంది, కోర్టు ఆ మాట అన్నది జూన్ 17న. మొదటి వారంలోనే పెట్టుబడి రాబట్టుకోవలసిన వ్యాపారంలో ఆ పన్నెండు రోజుల విలువ ఎంతో మా జిల్లాలో ఏ సినిమా హాలు మేనేజరును అడిగినా చెబుతాడు.

ఇంతవరకూ డబ్బు పెట్టేవాడి తప్పే చెప్పాను. నా తప్పు కూడా ఒకటి ఉంది. ఏడు బయానాలూ తిరిగి ఇచ్చేసిన రోజు మా కథకుడు, నాకు వరుసకు మేనమామ, నన్ను పక్కకు పిలిచి, “నోరు నీది అబ్బయ్యా, కడుపులు మాత్రం మనందరివీ గదా. కథ ఎక్కబోయే ముందు నా చెవిన ఒక మాట ఏసుంటే ఏం పొయ్యేది?” అన్నాడు. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆ సంక్రాంతికి ఆయన తంబురాను అటక మీద పెట్టి, కందుకూరు వైపు పొగాకు బ్యారన్లకు కూలికి వెళ్ళాడు. 2025 ఫిబ్రవరిలో ‘లైలా’ సినిమా వేడుకలో నటుడు పృథ్వీరాజ్ మేకల సంఖ్య తగ్గిపోయిందనే లెక్క చెప్పి, ఎన్నికల్లో సీట్లు తగ్గిన ఒక పార్టీని వెక్కిరించాడని ఆ పార్టీ అభిమానులు బహిష్కరణకు పిలుపు ఇస్తే, ఆ మాట అనని కథానాయకుడు విష్వక్‌సేన్, నిర్మాత ముందుకు వచ్చి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆ సినిమా ఆడలేదు; అది పిలుపు మహిమో సినిమా మహిమో విడదీసి చెప్పగల త్రాసు ఏదీ లేదు. కాని ఆ వార్త చూసినప్పుడు నా మనసు మాటన్న నటుడి వైపు పోలేదు, మామ వైపు పోయింది. తన సొంత ఇంటర్వ్యూలోనో తన సొంత పేజీలోనో మాట్లాడిన కళాకారుడి వెనక నేను నిలబడతాను. ఇంకొకరు అప్పు తెచ్చి కట్టిన వేదిక మీద మాట్లాడేవాడు, వాళ్ళకు ముందుగా ఒక మాట చెప్పి మాట్లాడాలని మాత్రం అంటాను.

ఇక నా సంగతి అడిగితే, ఒక నటుడి సినిమాలకు నేను చాలా ఏళ్ళుగా వెళ్ళడం లేదు, కారణం ఆయన రాజకీయమే. మా అబ్బాయి వెళతాడు, టికెట్టుకు డబ్బు నేనే ఇస్తాను.

1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ మరుసటి దసరాకు అదే పల్లె మమ్మల్ని మళ్ళీ పిలిచింది, ఈసారి బయానా ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి పోగు చేసినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాక, మమ్మల్ని ఎంతో మెచ్చుకునే పెద్దలు ఇంకొక ఊళ్ళో కథ పెట్టించారు. తమిళనాడు సరిహద్దున ఉన్న తడ దాటి వస్తున్న సీసాల గురించి, వాటిని దాటిస్తున్నవాళ్ళ కండువాల రంగు గురించి నేను రెండు మాటలు అన్నాను, ఈసారి మామకు ముందే చెప్పి అన్నాను. ఆ పెద్దలు డబ్బు పైసాతో సహా ఇచ్చి, శాలువా కూడా కప్పి పంపారు.

మామ పోయాక ఆయన బయానాల పుస్తకం నా దగ్గరికి వచ్చింది. వింజమూరు పక్క పల్లె పేరు ఎదురుగా ఆయన చేతిరాతలో “రాజకీయం. బాకీ 600” అని ఉంది. 1995 నాటి ఊరి పేరు ఎదురుగా “రాజకీయం. డబ్బు ముట్టింది. మళ్ళీ పిలవరు” అని ఉంది.