తవ్వకం మట్టి, తగ్గని కడుపునొప్పి

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లోని కాటేదాన్ పారిశ్రామికవాడ పక్కన డ్రైనేజీ పైపులైను పనిలో సైటు సూపర్‌వైజర్‌ని. పాత ఫ్యాక్టరీ స్థలంలో ఘాటు వాసనతో నల్లమట్టి బయటపడింది. రెండు ట్రాక్టర్ల మట్టి మా ఇంటి ముందు పల్లంలో పోయించాను. కూలీలకు చేతులపై దురద. షాపు ఆయింట్‌మెంటు ఇప్పించాను. నాకు నెల రోజులుగా కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం. గ్యాస్ మాత్రలు, నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. దుమ్ముకు ఏ మాస్కు మంచిది? రోజూ బెల్లం తింటే సరిపోతుందా?

జవాబు: మాస్కు సంగతి చివర్లో చెబుతాను. నన్ను కలవరపెట్టినవి మీ కడుపునొప్పి, మీ ఇంటి ముందున్న ఆ మట్టి. పాత ఫ్యాక్టరీ నేల తవ్వించే మనిషికి మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం కలిసి నెల రోజులుగా ఉన్నాయంటే, గ్యాస్ అని సరిపెట్టుకునే ముందు ఒంట్లో సీసం చేరిందేమో చూడాలి. కాటేదాన్ నేలలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చాలా ఏళ్ల కిందటే గుర్తించారు. అయితే మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని చెప్పలేను. అల్సర్, పిత్తాశయంలో రాళ్లు వంటి కారణాలూ ఉండవచ్చు.

ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలిసి, మీరు చేసే పనేమిటో ముందుగా చెప్పండి. చెప్పకపోతే వారికి సీసం తట్టకపోవచ్చు. రక్తంలో సీసం స్థాయి, హీమోగ్లోబిన్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాల్సి రావచ్చు. సీసం డెసిలీటరు (100 మి.లీ.) రక్తానికి 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. పాపకూ ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించండి. పసిపిల్లల పేగులు పెద్దలకన్నా ఎక్కువగా సీసాన్ని పీల్చుకుంటాయి, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

నెల రోజులు మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొచ్చినందుకు మిమ్మల్ని కోప్పడక తప్పదు. సీసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నొప్పి మాత్రలు వాటిపై మరింత భారం మోపుతాయి. కూలీలకు ఇప్పించిన ఆయింట్‌మెంటులో స్టెరాయిడ్ ఉంటే దురద రెండు రోజులు అణుగుతుంది, వారు మళ్లీ అదే మట్టిలో చేతులు పెడతారు. అది తామర అయితే ఇంకా పాకుతుంది. వారిని చర్మవైద్యులకు చూపించండి. సీసాన్ని బయటికి పంపే మందులున్నాయని ఎక్కడో చదివి వాటిని సొంతంగా కొని వాడకండి. అవి అందరికీ అవసరం కావు, ఆసుపత్రి పర్యవేక్షణ లేకుండా వాడితే ప్రమాదం.

ఇంటి ముందు మట్టిని మీరే ఎత్తించి ఇంకోచోట పోయించవద్దు. కాస్త తడిపి, టార్పాలిన్ కప్పి, పాపను అటు వెళ్లనివ్వకుండా, కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయండి. సైటులోనూ ఆ మట్టిని మంచి మట్టితో కలపకుండా షీటుపై విడిగా ఉంచి, పరీక్ష ఫలితం వచ్చాకే తరలించాలి. ప్రమాదకర వ్యర్థమని తేలితే అది వెళ్లాల్సింది దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికే కానీ చెరువు గట్టుకో ఖాళీ ప్లాటుకో కాదు. పని బట్టలు, బూట్లు సైటులోనే విడిచి ఇంటికి వెళ్లండి.

ఎన్-95 మాస్కు దుమ్మును ఆపుతుంది, ఘాటు వాసన తెచ్చే ఆవిరులను ఆపలేదు. వాసన వస్తే పని ఆపి సేఫ్టీ అధికారిని పిలవాలి. బెల్లం సీసాన్ని బయటికి పంపదు. పైగా ఆ మట్టి చేతులతోనే తింటే మట్టి కూడా కడుపులోకి పోతుంది.