స్కాన్‌లో ఏమీ లేదంది, మరి వైరస్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది గాజువాక. సెలవుల్లో మా అబ్బాయి ఏదో గేమ్ ఫ్రీగా వస్తోందని క్రాక్ చేసిన కాపీ దించుకున్నాడు. యాంటీవైరస్ అడ్డుపడుతుంటే దాన్ని ఆపేసి మరీ ఇన్‌స్టాల్ చేశాడట. మర్నాటి నుంచి బ్రౌజర్ తెరిస్తే ఏదో తెలియని సెర్చ్ పేజీ, కింద కుడి మూలన ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అంటూ మెసేజ్‌లు. ద్వారకానగర్‌లో ఒక షాపులో ఇస్తే క్లీన్ చేసిచ్చారు, రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలు. స్కాన్ పెడితే ఏమీ లేదంటోంది. మావారు బ్యాంకు పనులన్నీ ఇందులోనే చేస్తారు. పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుందండీ? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. తర్వాత మీ ఫోన్ నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, ఈమెయిల్‌ను అన్ని డివైజ్‌లలోనూ లాగౌట్ చేయండి. పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే చాలదు. క్రాక్‌లతో వచ్చేవాటిలో కొన్ని, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు బ్రౌజర్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్‌కు చెప్పే చిన్న ఫైళ్లు) కూడా ఎత్తుకుపోతాయి, అవి చేతిలో ఉంటే పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ లేకుండానే కొన్ని ఖాతాల్లోకి దూరిపోవచ్చు. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్కాన్ ఏమీ లేదంటే, దానికి కనబడేవి ఏవీ లేవని మాత్రమే. యాంటీవైరస్ ఆపినప్పుడు లోపలికొచ్చింది తన ఫోల్డర్‌ను ‘ఇక్కడ వెతకొద్దు’ అనే జాబితాలో చేర్చేసుకోగలదు. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ అనే ఆ జాబితా తెరిచి చూడండి, మీరెవరూ పెట్టనిది అక్కడుంటే ఇన్నాళ్ల స్కాన్‌లు లెక్కలోకి రావు. అక్కడే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, ఓ 15 నిమిషాలు పడుతుంది. రెండు రోజులకు మళ్లీ రావడానికి టాస్క్ షెడ్యూలర్‌లో (పెట్టిన వేళకు పనులను తనంతట తనే నడిపే విండోస్ భాగం) అది దాచుకున్న పని కారణం కావచ్చు, లేదా షాపులో బ్రౌజర్ తీసి కొత్తగా వేస్తే మీరు గూగుల్ ఖాతాతో లాగిన్ కాగానే పాత ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) సింక్‌లో తిరిగొచ్చి ఉండొచ్చు. మూలన వచ్చే మెసేజ్‌లు మాత్రం చాలాసార్లు ఏదో సైట్‌కు ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతే, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో తీసేస్తే ఆగిపోతాయి.

కానీ బ్యాంకు పని జరిగే కంప్యూటర్ కాబట్టి నా మాట ఒక్కటే: వెతుకుతూ కూర్చోకండి, విండోస్ మొత్తం తుడిచి కొత్తగా వేయించండి. వేరే మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఫొటోలు, కాగితాలు ముందే తీసిపెట్టుకోండి, ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఒక్కటీ వద్దు. చాలామంది సీ డ్రైవ్ తుడిచి డీ డ్రైవ్ వదిలేస్తారు, ఆ క్రాక్ ఫైల్ తరచూ అక్కడే ఉంటుంది, కాబట్టి రెండూ తుడవాలి. షాపులో చేయిస్తే యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండా విండోస్‌ను నడిపించే దొంగ ప్రోగ్రామ్) వాడొద్దని గట్టిగా చెప్పండి, దానికి కూడా యాంటీవైరస్ ఆపమంటారు, మళ్లీ కథ మొదటికొస్తుంది. ఆ కంప్యూటర్‌లో ఇదివరకు ఒరిజినల్ విండోసే ఉంటే, అదే ఎడిషన్ వేసి నెట్ పెట్టగానే మామూలుగా తనంతట తనే యాక్టివేట్ అవుతుంది.

బాబును తిట్టకండి. ఆ ఫైల్ ఏ రోజు వేశాడో మెల్లగా అడగండి, ఆ రోజు నుంచి ఆ కంప్యూటర్‌లో ఎవరెవరు ఏ ఖాతాలు తెరిచారో, బ్రౌజర్‌లో ఏ పాస్‌వర్డ్‌లు సేవ్ అయి ఉన్నాయో ఇంట్లో కూర్చుని రాసుకుని, వాటన్నిటి పాస్‌వర్డ్‌లూ మార్చాలి.