అక్కగారి కడుపులో తిత్తి: సూదితో నీరు తీయించడం చాలదు

నమస్కారమండీ. గుంటూరులో తీయించిన స్కానులో మీ అక్కగారికి మెసెంటరీలో తిత్తి (నీటి సంచిలాంటి గడ్డ, సిస్టు) ఉందని తేలింది, ఒకరు ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు సూదితో నీరు తీస్తే చాలన్నారు, ఎవరి మాట వినాలని అడిగారు. నా ఓటు ఆపరేషన్‌కే.

మెసెంటరీ అంటే పేగులను వెనక గోడకు పట్టి ఉంచే పొర. అందులోని రక్తనాళాలే పేగుకు ప్రాణం. సూదితో నీరు తీస్తే తిత్తి గోడ లోపలే ఉండిపోతుంది, మళ్లీ నిండుతుంది. పైగా అది హైడాటిడ్ తిత్తి (ఒక రకం నులిపురుగు వల్ల ఏర్పడేది) అయితే సూది గుచ్చడం ప్రమాదకరం. తిత్తిని పగలకుండా మొత్తంగా ఒలిచి తీయడమే అసలు చికిత్స. పేగు రక్తనాళాలకు అతుక్కుని ఉంటే ఆ పేగు ముక్కను కూడా కోసి మళ్లీ కలుపుతారు. ఈ మాట ముందే చెప్పిన సర్జన్‌ను నమ్మండి, భయపెడుతున్నారని అనుకోకండి.

డాక్టరు గడ్డను పక్కలకు జరిపి చూశారన్నారు కదా. అది 1880లో ఇలాంటి తిత్తిని విజయవంతంగా తీసిన ఫ్రెంచ్ సర్జన్ తిల్లో పేరుమీద ఉన్న పరీక్ష: ఇలాంటి తిత్తి అయితే గడ్డ పక్కలకు కదులుతుంది, పైకీ కిందికీ అంతగా కదలదు.

క్యాన్సర్ చాలా అరుదు. అయినా తీసిన తిత్తిని బయాప్సీకి పంపించి, రిపోర్టు చేతికి తీసుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలో అడగండి. ఈలోగా ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, జ్వరం వస్తే తేదీ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.