బెయిలిఫ్ తలుపు తట్టాడు సరే, ఆ కౌన్సిల్ ట్యాక్స్ మీరు కట్టాల్సిందేనా?

ప్రశ్న: మా వారి ఎం.ఎస్సీ. చదువు కోసం 2022 సెప్టెంబరు చివర్లో ఇంగ్లండ్ వచ్చాం. నాది డిపెండెంట్ వీసా. ఆయన కోర్సు 2023 సెప్టెంబరు నెలాఖరుకు ముగిసింది. తర్వాత గ్రాడ్యుయేట్ వీసా, ఇప్పుడు స్కిల్డ్ వర్కర్ వీసా. విద్యార్థులకు కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక సంస్థ అయిన కౌన్సిల్ వేసే ఇంటి పన్ను) ఉండదని తెలిసినవాళ్లు చెబితే మేము దాని జోలికే పోలేదు. 2024 ఏప్రిల్‌లో ఇల్లు మారాం. కొత్త ఇంటి పన్ను నెలనెలా కడుతున్నాం. పాత ఇంటికి వచ్చిన ఉత్తరాలేవీ మాకు అందలేదు. మొన్న మా వారు పనికి వెళ్లాక ఒక వ్యక్తి వచ్చి తలుపు బాదాడు. ఇంట్లో నేను, ఏడాదిన్నర పాప మాత్రమే ఉన్నాం. భయపడి తలుపు తీయలేదు. పాత ఇంటి పన్ను 2,100 పౌండ్లు, పైన ఫీజులు కట్టాలని ఒక కాగితం లోపలికి వేసి వెళ్లాడు. ‘ఈసారి తాళాలు తీసే మనిషితో వస్తాను, సామాను తీసుకుపోతాను’ అని దానిమీద చేత్తో రాసి ఉంది. పోలీసులు వస్తారా? కారు తీసుకుపోతారా? వీసా పోతుందా? స్నేహితుల దగ్గర అప్పు చేసైనా కట్టేయమంటారా?

జవాబు: అప్పు చేయకండి. మీరు రాసిన తేదీలను బట్టి చూస్తే ఆ 2,100 పౌండ్లలో ఎక్కువ భాగం మీరు కట్టనవసరం లేనిదే. ఆ సంగతికి వచ్చే ముందు, మీ కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న తలుపు విషయం తేల్చుకుందాం.

కౌన్సిల్ ట్యాక్స్ బాకీ కోసం వచ్చిన బెయిలిఫ్‌కు, అంటే బాకీలు వసూలు చేసే అమీనాకు, మీ ఇంటి తాళం పగలగొట్టే అధికారం లేదు. ఇప్పుడు చట్టం వీరిని ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్లు అంటోంది. 2007 నాటి చట్టం, దాని కింద 2014 ఏప్రిల్ 6 నుంచి అమలైన నిబంధనలు ఇంగ్లండ్, వేల్స్‌లలో వీరికి వర్తిస్తాయి. వాటి ప్రకారం ఏజెంట్ ఉదయం 6 నుంచి రాత్రి 9 లోపే రావాలి. బలప్రయోగం లేకుండా తలుపు గుండానే లోపలికి రావాలి; గడియ వేయని తలుపు తెరుచుకుని రావచ్చు కాబట్టి గడియ వేసి ఉంచండి. మిమ్మల్ని నెట్టుకుని రాకూడదు, తలుపు మూయకుండా కాలు అడ్డం పెట్టకూడదు, కిటికీ ఎక్కకూడదు. ఇంట్లో 16 ఏళ్ల లోపు పిల్లలు మాత్రమే ఉంటే అసలు అడుగు పెట్టకూడదు. తాళాలు తీసే మనిషి మాట క్రిమినల్ కోర్టు జరిమానాల వసూలు వంటి వేరే సందర్భాలది. మీ బాకీకి అది వర్తించదు. ఆ చేతిరాత కాగితాన్ని ఫొటో తీసి భద్రపరచండి. లేని అధికారం ఉందని బెదిరించారంటూ ఫిర్యాదు చేయడానికి అదే సాక్ష్యం.

అయితే ఒక్కసారి మీ అంతట మీరే తలుపు తీసి లోపలికి రానిచ్చారంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఏజెంట్ టీవీ, సోఫా వంటివి జాబితా రాసి, వాయిదాల ఒప్పందం మీద మీ సంతకం అడుగుతాడు. కంట్రోల్డ్ గూడ్స్ ఒప్పందం అనేది ఇదే. వస్తువులు మీ ఇంట్లోనే ఉంటాయి కానీ లెక్కలో అతని అధీనంలోకి వెళ్లినట్టే. ఆ తర్వాత ఒక వాయిదా తప్పితే, నోటీసు ఇచ్చి తలుపు బలవంతంగా తెరిచి లోపలికి రావడానికి అతనికి వీలు కలుగుతుంది. అందుకే మీరు తలుపు తీయకపోవడం సరైన పని. ‘ఒక్క సంతకం చేస్తే పోతుంది, లోపల కూర్చుని మాట్లాడుకుందాం’ అని ఎంత మర్యాదగా అడిగినా రానివ్వకండి. మనకు ఇంటికి వచ్చినవారిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడటం కష్టంగా ఉంటుంది. ఈ ఒక్క అతిథి విషయంలో ఆ మొహమాటం పూర్తిగా పక్కన పెట్టండి. తలుపుకు గడియ వేసి ఉంచి, కిటికీ లోంచో ఫోనులోనో మాట్లాడితే చాలు. పేరు, గుర్తింపు కార్డు, ఏ సంస్థ తరఫున వచ్చారో చూపమనండి. కౌంటీ కోర్టు సర్టిఫికెట్ ఉన్న ఏజెంట్ల జాబితా ప్రభుత్వ వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది. అందులో పేరు లేనివాడికి పైసా ఇవ్వకండి, వ్యక్తిగత ఖాతాకు డబ్బు పంపమంటే అది మోసమే.

మన ఊళ్లలో కోర్టు అమీనా గడప తొక్కితే పరువు పోయినట్టే అనుకుంటాం. మీ ఉత్తరం నిండా ఆ భయమే కనిపిస్తోంది. ఇక్కడ మీది పన్ను బాకీ, నేరం కాదు. మేజిస్ట్రేట్ కోర్టు ఇచ్చిన లయబిలిటీ ఆర్డర్, అంటే ఈ పన్ను మీరు బాకీ ఉన్నారనే ఉత్తర్వు, క్రిమినల్ శిక్ష కాదు. బెయిలిఫ్ అరెస్టు చేయలేడు. గొడవ జరిగితే శాంతిభద్రతల కోసం పోలీసులు రావచ్చు గానీ, బెయిలిఫ్‌ను ఇంట్లోకి పంపడం వారి పని కాదు. కావాలని ఎగ్గొట్టినవారిని మూడు నెలల వరకు జైలుకు పంపే అధికారం ఇంగ్లండ్‌లో కోర్టులకు ఇంకా ఉన్న మాట నిజమే. కానీ అది మిగతా దారులు విఫలమయ్యాక, మిమ్మల్ని కోర్టుకు పిలిచి, మీ ఆదాయ వ్యయాలు విచారించాక వచ్చే చివరి మెట్టు. వేల్స్ 2019లో ఆ శిక్షనే తీసేసింది.

కారు గురించి. దాన్ని ఫైనాన్స్ మీద తీసుకుని ఉంటే, ఆ బాకీ తీరేదాకా అది ఫైనాన్స్ కంపెనీదే కాబట్టి, మీ బాకీకి దాన్ని అమ్మడానికి సాధారణంగా వీలుండదు. అయినా వీధిలో ఉన్న కారుకు ముందు క్లాంప్ (చక్రం కదలకుండా వేసే తాళం) వేసి తర్వాత మాట్లాడే ఏజెంట్లున్నారు. ఫైనాన్స్ ఒప్పందం ఉంటే దాని నకలు ఈరోజే ఏజెంట్ సంస్థకు ఈమెయిల్ చేయండి. ఇంట్లో పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు, పక్కబట్టలు, ఫోను వంటి నిత్యావసరాలను ముట్టుకోకూడదు. ఉద్యోగానికి, చదువుకు తప్పనిసరైన వస్తువులకు కూడా మొత్తం 1,350 పౌండ్ల విలువ వరకు రక్షణ ఉంది.

ఇక అసలు విషయం. మొత్తం ఇంట్లో పూర్తికాల విద్యార్థులే ఉంటే ఆ ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ ఉండదు. కోర్సు కనీసం ఒక విద్యా సంవత్సరం ఉండాలి, ఏడాదిలో కనీసం 24 వారాలు, వారానికి సగటున 21 గంటల చదువు ఉండాలి. మీ వారి ఎం.ఎస్సీ. ఈ కొలతకు సరిపోతుంది. మరి విద్యార్థి కాని మీ సంగతి? చాలా జంటలు ఇక్కడే పొరబడతాయి. బ్రిటిష్ పౌరురాలు కాని విద్యార్థి భార్యకు, వీసా షరతులు ఉద్యోగం చేయడాన్ని గానీ ప్రభుత్వ సాయం పొందడాన్ని గానీ నిషేధిస్తే, ఆమెను కూడా విద్యార్థితో సమానంగా లెక్కించాలి. ఈ రెంటిలో ఏదో ఒక్క నిషేధం ఉన్నా చాలు. మీ డిపెండెంట్ వీసాలో ఉద్యోగానికి అనుమతి ఉండి ఉంటుంది, కానీ ప్రభుత్వ సాయం తీసుకోరాదన్న షరతు కూడా ఉంటుంది. కాబట్టి 2022 సెప్టెంబరు నుంచి 2023 సెప్టెంబరు వరకు, మీరు ఉద్యోగం చేసి ఉన్నా సరే, ఆ ఇంటికి పన్ను సున్నా.

లెక్క చూడండి. ఆ ఇంట్లో మీరున్నది దాదాపు 18 నెలలు. అందులో 12 నెలలు మినహాయింపు కాలం. మిగిలింది 2023 అక్టోబరు నుంచి 2024 మార్చి వరకు ఆరు నెలలు. ఆ ఆరు నెలల పన్ను మీరు కట్టాల్సిందే. కోర్సు ముగిసిన మరునాటి నుంచి మినహాయింపు పోతుంది, గ్రాడ్యుయేట్ వీసాకు అది వర్తించదు. అంటే మూడింట రెండు వంతుల బాకీ రద్దు కావాలి.

రెండు సంవత్సరాలకు రెండు లయబిలిటీ ఆర్డర్లు తీసుకుని ఉంటారు. 2022-23 ఆర్డర్ పూర్తిగా రద్దు చేయాలని, 2023-24 మొత్తాన్ని తగ్గించాలని కౌన్సిల్‌కు రాయండి, ఏజెంట్ సంస్థకు కాదు. పన్ను ఎంతో తేల్చే అధికారం కౌన్సిల్‌దే. కోర్సు మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉన్న ధ్రువపత్రం విశ్వవిద్యాలయం నుంచి తెప్పించండి. చదువు ముగిసి ఏడాది దాటితే అది ఇవ్వాల్సిన బాధ్యత వారికి లేదు, అయినా అడగండి. రాకపోతే మార్కుల పత్రం, అప్పటి రెండు వీసాల నకళ్లు జతపరచండి. కౌన్సిల్ రెండు నెలల్లో జవాబివ్వకపోయినా, కాదన్నా, ఇలాంటి పన్ను వివాదాలు విచారించే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఫీజుల మాట కూడా చెప్పాలి. 2014లో నిర్ణయించిన పట్టిక ప్రకారం ఫైలు ఏజెంట్ చేతికి వెళ్లగానే 75 పౌండ్లు, మొదటిసారి ఇంటికి రాగానే 235 పౌండ్లు, దానితో పాటు బాకీలో 1,500 దాటిన మొత్తంపై ఏడున్నర శాతం. బాకీ 2,100 అని లెక్కవేస్తేనే ఆ ఏడున్నర శాతం 45 పౌండ్లవుతుంది. నిజమైన బాకీ ఏడు వందల దగ్గర తేలితే ఆ 45 నిలవదు. ఇంటికి రావడానికి ముందు ఆదివారాలు, బ్యాంకు సెలవులు లెక్కించకుండా కనీసం ఏడు పూర్తి రోజుల వ్యవధితో నోటీసు ఇవ్వాలి. అది మీరు నివసిస్తున్న ఇంటికే రావాలి. వదిలేసిన ఇంటికి పంపి ఉంటే, ఆ రాకకు వేసిన 235 కూడా తీసేయమని గట్టిగా అడగండి.

ఒక జాగ్రత్త. కౌన్సిల్ ఫోనులో ‘కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్‌కు దరఖాస్తు చేసుకోండి’ అని మంచి ఉద్దేశంతోనే చెప్పవచ్చు. ఆదాయం తక్కువ ఉన్నవారికిచ్చే ఆ తగ్గింపు వీసా చట్టంలో ప్రభుత్వ సాయం కిందికి వస్తుంది. దాని జోలికి వెళ్లవద్దు, అది నిజంగానే మీ వీసాకు ముప్పు తెస్తుంది. విద్యార్థి మినహాయింపు, ఒంటరిగా ఉండేవారికిచ్చే 25 శాతం తగ్గింపు ఆ కిందికి రావు, నిశ్చింతగా అడగవచ్చు.

మిగిలిన ఆరు నెలల పన్నూ ఒకేసారి కట్టలేకపోతే, గుర్తింపు ఉన్న రుణ సలహాదారు ద్వారా బ్రీతింగ్ స్పేస్ తీసుకోవచ్చు. 2021 మే నుంచి అమల్లో ఉన్న ఈ పథకంలో 60 రోజుల పాటు బెయిలిఫ్ చర్యలు ఆగిపోతాయి. సిటిజన్స్ అడ్వైస్ వంటి సంస్థలు ఈ సలహాకు డబ్బు తీసుకోవు.

ఈ రాత్రే కౌన్సిల్‌కు ఈమెయిల్ పంపండి. పాత చిరునామా, ఖాతా సంఖ్య, కోర్సు తేదీలు, ఇంట్లో చిన్న పాప ఉన్న సంగతి రాసి, మినహాయింపు తేలేవరకు ఫైలును ఏజెంట్ నుంచి వెనక్కి తీసుకోమని కోరండి. 2023 అక్టోబరు నుంచి 2024 మార్చి వరకు పన్ను మీదేనని ఒప్పుకుని, నెలకు ఎంత కట్టగలరో అంకె వేయండి. నకలు ఏజెంట్ సంస్థకు పంపండి. మళ్లీ ఎవరైనా వస్తే, తలుపు తీయకుండా ఆ ఈమెయిల్‌ను కిటికీ లోంచి చూపండి.