షిప్పు ఎక్కిన రోజు మధ్యాహ్నం భోజనం ఎలా?

క్రూయిజ్ ప్రయాణాల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం మొదటి రోజు బఫే గురించే. వాటిలో ఆరింటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: చెన్నై హార్బర్ నుంచి నాలుగు రోజుల క్రూయిజ్‌కి వెళ్తున్నాం. మా అత్తగారికి 72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఇద్దరు చిన్నపిల్లలు. ఎక్కిన రోజు బఫేలో కూర్చోడానికి చోటే దొరకదని వెళ్ళొచ్చినవాళ్ళు భయపెడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: వాళ్ళు చెప్పింది నిజమే. కాకపోతే ఆ రద్దీ ఉండేది రెండు గంటలు, మహా అయితే రెండున్నర. ఎందుకొస్తుందో తెలిస్తే తప్పించుకోవడం తేలిక. పాత ప్రయాణికులు పొద్దున దిగిపోతారు, అదే మధ్యాహ్నం కొత్తవాళ్ళు ఎక్కుతారు. ఆ మధ్యలో వందల క్యాబిన్లు ఊడ్చి, తుడిచి, దుప్పట్లు మార్చాలి. అందుకే చాలా షిప్పుల్లో ఒంటిగంట, ఒంటిగంటన్నర దాకా క్యాబిన్ల వైపు వెళ్ళనివ్వరు. పెద్ద సూట్‌కేసులు టెర్మినల్‌లోనే తీసుకుంటారు గానీ చేతిసంచులు మన దగ్గరే ఉంటాయి. గది లేదు, ఆకలేస్తోంది, ఎక్కడికెళ్ళాలో తెలీదు. ఇక అందరి కాళ్ళూ బఫే వైపే నడుస్తాయి. దానికి తోడు పెళ్ళిలో మొదటి బంతికే కూర్చోవాలన్నట్టు ఓ తొందర. బఫే సాధారణంగా మూడు, మూడున్నర దాకా తెరిచే ఉంటుంది. ఆ మాట ఎవరికీ పట్టదు.

మీ అత్తగారికైతే ఆ పూట బఫే వద్దనే మా సలహా. చాలా షిప్పుల్లో బఫే పై డెక్కుల్లో ఉంటుంది, మనం ఎక్కేది కింది డెక్కులో. మధ్యలో లిఫ్టుల దగ్గర కిక్కిరిసిన జనం. బల్లల దగ్గరికే వడ్డించే పెద్ద రెస్టారెంటు మాత్రం తరచు కింది డెక్కుల్లోనే ఉంటుంది. కొన్ని షిప్పులు ఎక్కిన రోజు మధ్యాహ్నం దాన్నీ తెరుస్తాయి, కానీ పెద్దగా చాటింపు వేయవు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురొచ్చే సిబ్బందిని ‘ఇప్పుడు భోజనానికి ఏవేవి తెరిచి ఉన్నాయి?’ అని అడగండి. ‘బఫే ఎక్కడ?’ అని అడిగితే బఫేకే దారి చూపిస్తారు. చెన్నై నుంచి కార్డీలియా సంస్థ నడిపిన ‘ఎంప్రెస్’లో బఫే పేరు ఫుడ్ కోర్ట్, కూర్చుని తినే రెస్టారెంటు పేరు స్టార్‌లైట్. సుమారు 1,800 మంది పట్టే ఆ షిప్పు 1990లో తయారైంది, ఇప్పటి భారీ షిప్పుల పక్కన చిన్నది. అలాంటి వాటిలో ఒక్క బఫే మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఊహించుకోవచ్చు.

ఇంకో దారి, టైము మార్చుకోవడం. ఆన్‌లైన్ చెకిన్‌లో రిపోర్టింగ్ టైము ఎంచుకోనిస్తే మొట్టమొదటిదైనా తీసుకోండి, లేదా ఆఖరి వాటిలో ఒకటైనా. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఉన్నవే కష్టం. ముందు వెళ్తే ట్రేలు నిండుగా, బల్లలు ఖాళీగా ఉంటాయి గానీ సంచులు మోయాలి. రెండు దాటాక వెళ్తే గదిలో సంచులు పడేసి, చేతులు ఊపుకుంటూ వెళ్ళొచ్చు. పిల్లలు ఆగలేరు కాబట్టి పొద్దున పదింటికి ప్యారీస్ కార్నర్ దగ్గరో సెంట్రల్ స్టేషన్ దగ్గరో ఇడ్లీ, పొంగల్ కడుపునిండా పెట్టించండి. టికెట్ మీద వేసిన చివరి గడువు మాత్రం దాటకండి. షిప్పు బయల్దేరడానికి చాలా ముందే చెకిన్ మూసేస్తారు.

బఫేలో రద్దీ తగ్గేదాకా షిప్పులో ఆగే సమయాన్ని సేఫ్టీ డ్రిల్లుకు, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే కసరత్తుకు వాడుకోండి. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ షిప్పు ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, అంతకు కాస్త ముందే ఎక్కినవాళ్ళకు ఇంకా డ్రిల్లే జరగలేదు. షిప్పు కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్లు అయిపోవాలన్న నియమం 2015 నుంచి అమల్లో ఉంది. చాలా కంపెనీలు ఇప్పుడు వీడియో ఫోన్‌లోనే చూపించి, మీ కార్డు మీద రాసిన స్టేషన్‌కి (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటికి) వెళ్ళి హాజరు వేయించుకు రమ్మంటున్నాయి. జనం బఫేలో ఉన్నప్పుడు అక్కడ క్యూ ఉండదు, అయిదు నిమిషాల పని. అన్నట్టు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు వీల్‌చైర్ కావాలని టికెట్ కొనేటప్పుడే రాయించండి. హార్బర్ గేటు దగ్గర అడిగితే దొరుకుతుందని నమ్ముకోకండి.

ప్రశ్న: తప్పనిసరై అదే రద్దీ వేళలో బఫేకి వెళ్ళాల్సి వస్తే?
– ఒక విద్యార్థి, కొళత్తూరు

జవాబు: ముందు ఖాళీ చేతులతో ఒక చుట్టు తిరిగి రండి. చాలా బఫేలు కుడివైపు, ఎడమవైపు జంటగా కట్టినవే. లిఫ్టు పక్క గుమ్మంలోంచి వచ్చినవాళ్ళంతా కళ్ళకు కనబడ్డ మొదటి కౌంటర్లోనే నిలబడతారు. అవే వంటలు అవతలి వైపు పెట్టి ఉంటాయి, అక్కడ నలుగురైనా ఉండరు. షిప్పు వెనక చివర ఉన్న కౌంటర్లు ఇంకా ఖాళీ.

కౌంటర్ విడివిడి దీవుల్లా ఉంటే మీకు కావలసిన దాని దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు. పప్పు, అన్నం చాలనుకునేవాళ్ళు సలాడ్ల దగ్గర్నుంచి నిలబడక్కర్లేదు. ఒకే వరసగా ఉంటే మాత్రం మధ్యలో దూరకండి, అక్కడే గొడవలు మొదలయ్యేది.

చోటు కోసం బల్లల మీద ప్లేట్లు చూడండి. ఐస్‌క్రీమ్ కప్పో, కాఫీ కప్పో కనబడితే వాళ్ళు లేచే వేళయింది. బయటి డెక్కు మీద, వెనక భాగాన ఉన్న బల్లలు ఎండకు భయపడి ఎవరూ తీసుకోరు, నీడ పట్టున ఒకటో రెండో దొరుకుతాయి. ఇంట్లో ఒకరు సంచులతో కూర్చుని, మిగతావాళ్ళు విడతలుగా తెచ్చుకోవాలి. అంతేగాని ఒక్క టోపీ పెట్టేసి ఆరు కుర్చీలు అరగంట ఆపడం మర్యాద కాదు.

ట్రేలో అడుగు కనిపిస్తుంటే గీక్కోకుండా రెండు నిమిషాలు పక్కన నిలబడండి. కొత్త ట్రే వస్తుంది. సగం వాటిని చల్లారబెట్టేది మన అత్యాశే. ఏడెనిమిది రకాలు ఒక్క ప్లేటులో గుట్టపోస్తే బిర్యానీ కిందికి పాస్తా సాస్ జారుతుంది, కాల్చిన చేప మీదికి పెరుగుపచ్చడి పారుతుంది, సగం పారేస్తాం. మొదటి విడతలో మూడు రకాలు, ఒక్కోటి రెండు చెంచాలు. చిప్స్, పకోడీ లాంటివి వేడి కోసం పెట్టిన దీపాల కింద పది నిమిషాలకే మెత్తబడతాయి, వాటిని ఆఖర్న తీసుకోండి. నాలుగు రాత్రుల ప్రయాణంలో ఇంకా పది భోజనాలకు తక్కువ కాకుండా ఉంటాయి కదా.

లిఫ్టు నిండిపోయి వస్తుంటే, కిందికి వెళ్ళే లిఫ్టు ఎక్కి దాంట్లోనే పైకి రండి.

ప్రశ్న: మేం శాకాహారులం, ఉల్లి, వెల్లుల్లి కూడా తినం. సింగపూర్ నుంచి వెళ్ళే షిప్పులో బఫే మీద ఆధారపడవచ్చా?
– ఒక దంపతులు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: శాకాహారం వరకూ పర్వాలేదు. సింగపూర్ షిప్పుల్లో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి పప్పు, అన్నం, ఒక కూర, రొట్టె ఉండే భారతీయ కౌంటర్ దాదాపు ఖాయం. ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలంటే మాత్రం బఫేని నమ్ముకోకండి. ఆ వంటలు పెద్ద గంగాళాల్లో ఒకే మసాలాతో అయిపోతాయి.

టికెట్ బుక్ చేసినప్పుడే జైన్ భోజనం అని రాయించండి. షిప్పు ఎక్కిన మధ్యాహ్నమే పెద్ద రెస్టారెంటుకి వెళ్ళి, హెడ్ వెయిటర్‌తో మీ క్యాబిన్ నంబరు చెప్పి మాట్లాడండి. ఆ తర్వాత రోజూ రాత్రి భోజనం అయ్యాక మర్నాటికి ఏం కావాలో అతనికే చెప్పిపెట్టుకుంటే విడిగా వండిస్తారు. మొదటి రోజు ఆ మాట వంటింటి దాకా చేరకపోవచ్చు, అందుకని ఆ పూటకు పళ్ళు, పెరుగు, బ్రెడ్డు, పచ్చి సలాడ్లతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు.

పేరు చూసి మోసపోయేవి చాలా ఉన్నాయి. కూరగాయల సూపులో కోడి ఎముకల రసం ఉండొచ్చు. థాయ్ గ్రేవీల్లో చేపల సాస్, సీజర్ సలాడ్ మీది డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేపలు, జెల్లీలో, మూస్‌లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్, కొరియావాళ్ళ ఊరగాయ కిమ్చీలో ఉప్పులో ఊరేసిన చిన్న రొయ్యలు వాడతారు. ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు మామూలే. ఫ్రెంచ్ ఫ్రైస్ వేయించిన నూనెలోనే చికెన్ వేయించారేమో అడిగి తీసుకోండి. ఇక గరిటె సంగతి. పక్క ట్రేలోని చికెన్ గరిటె తెచ్చి పన్నీరులో పెట్టేవాళ్ళు ప్రతి క్యూలోనూ ఉంటారు. అలా కనిపిస్తే కౌంటర్ వెనక ఉన్నతనికి చెప్పండి, లోపల్నుంచి వేరే ట్రేలోంచి తెచ్చి వడ్డిస్తాడు. అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: బఫే గుమ్మంలో చేతుల మీద శానిటైజర్ కొడతారు కదా. అది చాలదా?
– ఒక ఉపాధ్యాయుడు, అంబత్తూరు

జవాబు: చాలదు. షిప్పుల్లో వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి అంటించే నోరోవైరస్ మీద ఆల్కహాల్ శానిటైజర్ ప్రభావం తక్కువ. సబ్బుతో, పారే నీళ్ళ కింద 20 సెకన్లు రుద్ది కడగడమే మందు. చాలామంది కడిగే వేళే తప్పు. లోపలికి రాగానే కడుక్కుని, తర్వాత వందల మంది పట్టుకున్న పటకార్లు, గరిటెలు పట్టుకుని, అదే చేత్తో రొట్టె తుంచుకుంటారు. వడ్డించుకున్నాక, తినే ముందు ఇంకోసారి కడుక్కోవాలి. బల్ల దగ్గర ఫోన్ ముట్టుకున్న చేత్తో తినడమూ అలాంటిదే. రెండో విడతకు ఎంగిలి ప్లేటు తీసుకెళ్ళకూడదు, కౌంటర్ మొదట్లో కొత్త ప్లేట్లు ఉంటాయి. అమెరికా రేవులకు వెళ్ళే షిప్పులను తనిఖీ చేసే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, వేడి వంటలు 57 డిగ్రీలకు తగ్గకుండా, చల్లటివి 5 డిగ్రీలు దాటకుండా ఉంచాలంటుంది. ఏ షిప్పులోనైనా మీకూ అదే కొలత: పొగలు రాని కూరను, గోరువెచ్చని చికెన్ సలాడ్‌ను వదిలేయండి.

ప్రశ్న: ఇన్సులిన్ వాడుతున్నాను. ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకోవాలి?
– ఒక పెద్దాయన, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: డోసు మీ డాక్టరే చెప్పాలి. భోజనానికి ముందు తీసుకునే రకమైతే, టెర్మినల్ క్యూలో ఉండగా తీసుకోకండి. తనిఖీ, పాస్‌పోర్టు, లిఫ్టు, బఫే కలిసి భోజనం గంటన్నర వెనక్కి పోవచ్చు, షుగర్ పడిపోతుంది. ప్లేటు మీ ముందుకు వచ్చాకే ఆ పని చూసుకోండి. గ్లూకోజ్ బిళ్ళలు, బిస్కెట్లు జేబులో పెట్టుకోండి. ఇన్సులిన్, మాత్రలు అప్పగించే సూట్‌కేసులో వేశారో, సాయంత్రం దాకా చేతికి రావు.

ప్రశ్న: ఇంట్లో పెట్టిన ఆవకాయ, చిన్న కెటిల్ తీసుకెళ్ళొచ్చా? బఫే నుంచి గదికి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మైలాపూర్

జవాబు: కెటిల్, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీపెట్టె వద్దు. అగ్ని ప్రమాదం భయంతో తనిఖీలో తీసేసుకుని, దిగేటప్పుడు తిరిగి ఇస్తారు. ఇంట్లో వండినవి చాలా కంపెనీలు లోపలికి రానివ్వవు. కొట్లో కొన్న, సీలు తీయని ఆవకాయ ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. గాజు సీసాల కంటే అవే మేలు. గదికి ఒక ప్లేటు తెచ్చుకుంటే చాలా షిప్పుల్లో ఏమీ అనరు, ఖాళీ ప్లేటు మాత్రం నడవలో కాళ్ళకు అడ్డంగా పెట్టకండి. రేవులో దిగేటప్పుడు పళ్ళు, శాండ్‌విచ్‌లు సంచిలో వేసుకోకూడదు. చాలా దేశాల్లో కస్టమ్స్ వాళ్ళు జరిమానా వేస్తారు.